ఇరవై డైమండ్ల చిల్లర

మొన్న పండక్కి పెనుగొండ వెళ్లినప్పుడు అక్క వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. పక్కనే మేనల్లుడు ఫోనులో తల దూర్చి ఏదో తుపాకుల ఆట ఆడుతున్నాడు. పదో తరగతి. ఉన్నట్టుండి తలెత్తి, "మావయ్యా, ఓ ఎనభై రూపాయలు కొట్టవా?" అన్నాడు.

"ఎందుకురా?"

"చొక్కా కొనాలి."

"పండక్కి కొన్నారుగా!"

"నాక్కాదు మావయ్యా, వీడికి" అని తెర మీద తుపాకి పట్టుకుని నిలబడ్డ బొమ్మని చూపించాడు.

కబుర్లలో పెట్టి లెక్క రాబట్టాను. ఆ చొక్కా ధర వంద డైమండ్లు. డైమండ్లు విడిగా అమ్మరు, అరవై చొప్పున కట్టగట్టి అమ్ముతారు. కట్ట ఎనభై రూపాయలు. ఒక కట్ట వాడు దాచుకున్న డబ్బుల్తో ముందే కొనేశాడు. రెండోది నా వంతు. రెండూ కలిస్తే నూట ఇరవై. చొక్కా పోను ఇరవై మిగులుతాయి.

"ఆ ఇరవైకి ఏమొస్తుంది?"

"ఏమీ రాదు. టోపీ ఉంది గానీ అది తొంభై."

"ఇంకో కట్ట కొంటే?"

"ఎనభై అవుతాయి. పది తక్కువ." కాసేపు ఆగి, "మోసం మావయ్యా ఇది. ఫ్రీ గేమ్ అంటారు, అడుగడుక్కీ డబ్బులే" అన్నాడు. అంటూనే చెయ్యి చాచాడు.

పెనుగొండ అంటే వాసవీ కన్యకాపరమేశ్వరి ఊరు. ఆర్యవైశ్యులకు పుణ్యక్షేత్రం. పప్పు తూకంలో ముల్లు కాస్త అటూ ఇటూ అయినా నిలదీసే జనం మధ్య పుట్టి పెరిగిన కుర్రాడు వీడు. అంగట్లో రెండు రూపాయల దగ్గర గీచిగీచి బేరమాడతాడు. అలాంటివాడు, మోసమని తన నోటితోనే అంటున్నదానికి డబ్బెందుకు కడుతున్నాడు? ఈ చిక్కుముడికి వాడి బలహీనతలో జవాబు వెతకడం దండగ. జవాబు ఆ అంగడి కట్టుబడిలో ఉంది.

చిల్లరకు బదులు చాక్లెట్టు

చేతిలోంచి నోటు వెళ్లిపోతుంటే మనసు చిన్నగా చివుక్కుమంటుంది. వినియోగదారుల నడవడిని పరిశీలించే శాస్త్రవేత్తలు దీనికి 'చెల్లింపు నొప్పి' అని పేరు పెట్టారు. డ్రేజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు 1998లో దీన్ని విడమరిచి రాశారు. నోటు ఇస్తే నొప్పి ఎక్కువ, కార్డు గీకితే తక్కువ. డబ్బుకూ వస్తువుకూ మధ్య ఎన్ని తెరలు దించితే నొప్పి అంతగా తగ్గుతుంది. కాసినోల్లో నోట్లు తీసుకుని రంగు బిళ్లలు చేతిలో పెట్టేది ఇందుకే.

డైమండ్లు, జెమ్స్, యూసీ, గోల్డ్ బార్లు అన్నీ ఆ బిళ్లలే. ఎనభై రూపాయలు పోయిన నొప్పి టాప్ అప్ చేసినప్పుడు ఒక్కసారి కలుగుతుంది. ఆ తరవాత ఖర్చయ్యేవి డైమండ్లు. "వంద డైమండ్లు" అన్నప్పుడు మెదడు దాన్ని రూపాయల్లోకి మార్చుకోదు, ఎందుకంటే ఆ లెక్క కావాలనే ఇరకాటంగా పెడతారు. అరవైకి ఎనభై అయితే వందకెంత? నూట ముప్పై మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. ఆట మధ్యలో ఎవడు చేస్తాడా లెక్క? పైగా పెద్ద కట్ట కొంటే కొన్ని ఉచితం, మొదటిసారి కొంటే రెట్టింపు, పండగ బోనస్ వేరు. దాంతో డైమండు ధర మనిషి మనిషికీ, రోజు రోజుకీ మారిపోతుంది. కొన్ని ఆటల్లో ఇంకో అంచె కూడా ఉంది. రూపాయలతో ఒక రకం రాళ్లు కొనాలి, వాటిని ఇంకో రకం రాళ్లలోకి మార్చాలి, వాటితో టికెట్లు కొనాలి, టికెట్లతో పెట్టె తెరవాలి. నాలుగు మెట్లెక్కాక కింద రూపాయి కనపడదు.

ఇక మిగిలిన ఇరవై సంగతి. చిల్లర లేదంటూ కిరాణా కొట్టువాడు చాక్లెట్టు చేతిలో పెడితే మనకి ఒళ్లు మండుతుంది. కానీ ఆ చాక్లెట్టు తినొచ్చు, పక్కింటి పిల్లాడికి ఇవ్వొచ్చు. డైమండు చిల్లర ఆ ఒక్క కొట్టులోనే చెల్లుతుంది, అక్కడా దానికి సరిపడే వస్తువు ఉండదు. చొక్కాకి వంద పెట్టి, డైమండ్లని అరవై చొప్పున అమ్మడం లెక్క రాక చేసిన పని కాదు. ఉత్తినే పడి ఉన్న ఇరవై 'వృథా అయిపోతున్నాయే' అని గుర్తుచేస్తూ ఉంటాయి. లాభం రాకపోవడం కన్నా చేతిలో ఉన్నది పోవడమే మనిషిని ఎక్కువ బాధిస్తుందని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. ఆ బాధ తీరాలంటే ఇంకో కట్ట కొనాలి.

తూము మూసి నీళ్లమ్మడం

ఆటకు టికెట్టు లేనప్పుడు కంపెనీ ఏం అమ్ముకుంటుంది? 2009 అక్టోబరులో యాపిల్ ఉచిత యాప్‌ల లోపల కూడా వస్తువులు అమ్ముకోవచ్చని తలుపు తీసింది. అప్పటినుంచి ఈ పద్ధతి ఫోన్లలో ఊపందుకుంది. అమ్మడానికి ముందుగా దొరికిన సరుకు సమయం.

క్యాండీ క్రష్ ఆడినవారికి తెలుసు. అయిదు ప్రాణాలు ఇస్తారు. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు కట్టాలి. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో కోట పెద్దదయ్యేకొద్దీ కట్టడానికి రోజులకు రోజులు పడుతుంది. జెమ్స్ ఇస్తే క్షణంలో లేస్తుంది.

డెల్టా రైతుకి ఇది చెప్పక్కర్లేదు. కాలువలో నీళ్లున్నాయి, చేలో నీళ్లు లేవు, మధ్యలో తూము మూసి ఉంది. తెరవడానికి చెయ్యి తడపాలి. ఆటలో తూము కట్టినవాడూ, మూసినవాడూ, తీయడానికి సొమ్ము అడిగేవాడూ ఒక్కడే. కష్టాన్ని తయారుచేసి, దాని విరుగుడు అమ్ముతాడు. తూము పూర్తిగా మూసేస్తే ఆడేవాడు వెళ్లిపోతాడు, బార్లా తీస్తే డబ్బు కట్టడు. ఎంత సందు వదలాలన్నది లక్షల మంది ఆటతీరు చూసి, సగం మందికి ఒకలా, సగం మందికి ఇంకోలా పెట్టి పరీక్షించి తేలుస్తారు.

మెట్టు మెట్టుకీ బహుమతులు అందుకునే 'పాస్' అమ్మకం కూడా ఇలాంటిదే. దాని కిటుకు కార్ల వాషింగు దగ్గర బయటపడింది. జోసెఫ్ నూన్స్, జేవియర్ డ్రేజ్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి ఎనిమిది గళ్ల కార్డు ఇచ్చారు. ఎనిమిదిసార్లు కారు కడిగించుకుంటే తొమ్మిదోది ఉచితం. మరికొందరికి పది గళ్ల కార్డు ఇచ్చి, రెండు గళ్లలో ముందే ముద్ర కొట్టారు. రెండు జట్లవారూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. మొదటి జట్టులో 19 శాతం మంది పూర్తిచేస్తే, రెండో జట్టులో 34 శాతం మంది పూర్తిచేశారు. సగంలో ఉన్న పని మనల్ని లాగుతుంది. ఆటలో పాస్ కొనకముందే పది మెట్లు ఎక్కించి, "నీ బహుమతులు ఇవిగో, తాళం తీస్తే చాలు" అని చూపిస్తారు.

గుండాట బల్ల, క్రేటు పెట్టె

సంక్రాంతి మూడు రోజులూ మా వైపు కోడిపందేల బరుల పక్కన గుండాట బల్లలు వెలుస్తాయి. చట్టం ఒప్పదు, అది వేరే సంగతి. బల్ల మీద బొమ్మలు, డబ్బాలో పాచికలు. నచ్చిన బొమ్మ మీద డబ్బు పెడతారు. ఆ బొమ్మ పడితే ఇన్ని రెట్లు, పడకపోతే సొమ్ము బల్లవాడిది. నిలబడి చూస్తే ఎవరికైనా గంటలో అర్థమవుతుంది, చివరికి బాగుపడేది బల్లవాడేనని.

లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే క్రేటు పెట్టె కూడా పాచికే. 2004లో నెక్సాన్ సంస్థ జపాన్‌లో మేపుల్‌స్టోరీ అనే ఆటలో వంద యెన్ల టికెట్టు పెట్టి, ఏ వస్తువు వస్తుందో చెప్పకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. నాణెం వేస్తే బొమ్మ ఉన్న గుళిక పడే జపాన్ బడ్డీ యంత్రం పేరు మీదే ఈ పద్ధతికి 'గాచా' అనే పేరొచ్చింది.

ఇది ఎందుకు అంతలా పట్టేస్తుంది? బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. మీట నొక్కిన ప్రతిసారీ గింజ వస్తే పావురం ఆకలి తీరాక మానేస్తుంది. ఎన్నిసార్లకు వస్తుందో తెలియకుండా చేస్తే ఆపకుండా నొక్కుతూనే ఉంటుంది. కారణాన్ని తరవాత వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మెదడులో పట్టుకున్నాడు. పండ్లరసం అనుకోకుండా దొరికినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. వస్తుందని ముందే తెలిసిన రసానికి పెద్దగా చలించలేదు. రసం రాబోతోందని చెప్పే దీపం వెలగ్గానే స్పందించాయి. అంటే మన మెదడును కదిపేది బహుమతి కన్నా, వస్తుందేమో అన్న ఆశ. పెట్టె మూత తెరుచుకుంటూ వెలుగులు చిమ్మే ఆ నాలుగు క్షణాలే అసలు సరుకు. లోపలిది పాత చొక్కా అయినా ఆ క్షణాలు అమ్ముడుపోయాయి.

చక్రం తిరిగి తిరిగి పెద్ద బహుమతి పక్క గడిలో ఆగడం మరో వల. "కొద్దిలో తప్పింది" అనుకుంటాం. నిజానికి నొక్కిన క్షణంలోనే ఫలితం సాధారణంగా కంపెనీ సర్వర్లో తేలిపోతుంది. చక్రం చూపించేది బొమ్మలాట. ల్యూక్ క్లార్క్ బృందం 2009లో కేంబ్రిడ్జ్‌లో చేసిన మెదడు స్కానుల్లో, ఇలా కొద్దిలో తప్పినప్పుడు కూడా గెలుపుకి స్పందించే భాగాలే చలించాయి. ఓడినవాడికి ఓటమి కబురు సగమే అందుతుందన్నమాట.

[బాక్సు] 'నూటికి ఒకటి' అంటే ఏమిటి?

క్రేటు తెరిస్తే తుపాకికి తొడిగే మంచి అలంకారం (స్కిన్) వచ్చే అవకాశం 1 శాతం అని రాసి ఉందనుకుందాం. వంద తెరిస్తే ఒకటి ఖాయం అనుకుంటారు చాలామంది. కాదు. ప్రతి పెట్టె కొత్త పాచిక. వెనక పోయినవాటిని అది గుర్తుపెట్టుకోదు. వందమంది కుర్రాళ్లు తలా వంద పెట్టెలు తెరిస్తే, లెక్క ప్రకారం 37 మందికి ఒక్కటీ రాదు. మరో 37 మందికి ఒకటి వస్తుంది. మిగతా 26 మందికి రెండు, అంతకుమించి వస్తాయి. నూటికి 95 పాళ్లు నమ్మకంగా ఒకటి దొరకాలంటే దాదాపు 300 పెట్టెలు తెరవాలి. వీడియోలు పెట్టేది ఆ 26 మంది. 37 మంది ఏమీ మాట్లాడరు.

ఆరు బొమ్మల జట్టు పూర్తిచేస్తే బహుమతి అన్నది ఇంకా గడుసు ఎత్తు. బబుల్‌గమ్ కాగితాల్లో క్రికెటర్ల బొమ్మలు పోగేసిన తరానికి ఇది తెలుసు. మొదటి బొమ్మ ఏదైనా కొత్తదే. పోనుపోను వచ్చినవే వస్తాయి. ఆరూ సమానంగా పడే పెట్టెలోనైనా సగటున దాదాపు 15 సార్లు తెరవాలి, అందులో ఆరుసార్లు ఆఖరి బొమ్మ ఒక్కదానికే. ఇక ఆఖరి బొమ్మని అరుదుగా పడేట్టు పెడితే చెప్పేదేముంది! జపాన్ ప్రభుత్వం 2012లో ఈ 'జట్టు గాచా'ని చట్టవిరుద్ధమని తేల్చింది.

పులస కోసం వల

మరి డబ్బు కట్టని లక్షల మంది సంగతి? వాళ్లని కంపెనీ ఎందుకు మోస్తోంది? స్వర్వ్ అనే సంస్థ 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఫోన్ ఆటల రాబడిలో సగం 0.15 శాతం మంది నుంచే వస్తోంది. పరిశ్రమలో వాళ్లని తిమింగలాలు అంటారు. మన గోదారిలో తిమింగలాలు లేవు గానీ పులసలున్నాయి. వరద నీళ్లలో రాత్రంతా వల వేస్తే ఒక్క పులస పడినా పెట్టుబడి తిరిగొస్తుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలంటారు. ఇక్కడ పుస్తెలు అమ్ముకుంటున్నదీ పులసే.

మిగతా జనం ఎవరంటే, నీళ్లు. వాళ్లు లేకపోతే పులస ఈదదు. పదివేల రూపాయల సూటు వేసుకున్నవాడికి దాన్ని చూసి కుళ్లుకునేవాళ్లు కావాలి, అమ్మిన తుపాకితో కాల్చడానికి ఉత్త చేతులవాళ్లు కావాలి. మేనల్లుడి స్కూల్లో మామూలు బొమ్మతో ఆడేవాణ్ని 'నూబ్' (చేతకానివాడు) అంటారట. ఆ మాట ఖరీదే చొక్కా ఖరీదు. యాక్టివిజన్ సంస్థకి అమెరికాలో 2017 అక్టోబరులో ఒక పేటెంటు వచ్చింది. కొత్త ఆటగాణ్ని, కొన్న ఆయుధంతో ఆడే దిట్టతో జతకట్టి, ఆ ఆయుధం మీద మనసు పుట్టించే ఏర్పాటు అది. తమ ఆటల్లో వాడలేదని సంస్థ చెప్పింది. వాడినా వాడకపోయినా, ఆలోచన ఎటు పోతోందో పేటెంటు కాగితమే చెబుతోంది.

కోపం ఎందుకు వస్తుంది

2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 ఆట రావడానికి ముందు కొందరు లెక్క కట్టారు. డార్త్ వేడర్ పాత్ర దక్కాలంటే దాదాపు 40 గంటలు ఆడాలి. అది ఉచిత ఆట కూడా కాదు, డబ్బిచ్చి కొన్నది. కష్టపడి సాధిస్తే గర్వంగా ఉంటుంది కదా అని దాన్ని అమ్మే ఈఏ సంస్థ జవాబిచ్చింది. ఆ జవాబుకి రెడిట్‌లో 6 లక్షలకు పైగా 'నచ్చలేదు' ఓట్లు పడ్డాయి. విడుదలకు కొన్ని గంటల ముందు ఈఏ సంస్థ ఆటలోని అమ్మకాలు నిలిపేసింది. మరుసటి ఏడాది బెల్జియం, డబ్బిచ్చి తెరిచే పెట్టెలు జూదమేనని తేల్చింది.

నా మటుకు నాకు తోచేది ఇది. ఆటగాళ్లు డబ్బు కట్టడానికి ఏడవరు. కష్టపడి ఆట తయారుచేసినవాళ్లకి డబ్బులు రావాలని మా మేనల్లుడికీ తెలుసు. ధర ఎంతో, దానికి ఏం వస్తుందో చెప్పకపోవడం దగ్గరే ఒళ్లు మండుతుంది. పది రూపాయల బిస్కెట్ పొట్లం మీద కూడా ధర, బరువు అచ్చు వేయాలని మన తూనికలు కొలతల చట్టం చెబుతుంది. పెట్టెలోని చొక్కాకి ఆ నియమం పట్టదు.

పైగా కొన్నది మనది కూడా కాదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ని నిషేధించింది, అక్టోబరు 30తో సర్వర్లు ఆగాయి. కొనుక్కున్న సూట్లన్నీ ఎనిమిది నెలలు మాయమయ్యాయి. 2021 జులైలో దాని భారతీయ రూపం బీజీఎంఐ వచ్చాక పాత ఖాతా మార్చుకోనిచ్చారు. ఏడాది తిరిగేసరికి, 2022 జులైలో, బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై మరుసటి మే నెలలో తిరిగొచ్చింది. అమ్మింది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే. ఆ సంగతి ఎవరూ చదవని షరతుల్లో రాసి ఉంటుంది.

చట్టం చూపు ఎక్కడ ఆగింది

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆశ చూపే ఆటలు దాని గురి. మన క్రేటు పెట్టెలోంచి డబ్బు రాదు, చొక్కా వస్తుంది. కాబట్టి ఇది చాలావరకు ఆ వల కళ్లలోంచి జారిపోతుంది. గుండాటలో అప్పుడప్పుడైనా నోటు తిరిగొస్తుంది, అందుకది జూదం. ఇందులో ఎప్పటికీ రాదు, అందుకిది వినోదం! చట్టానికి ఈ తేడా ముఖ్యం. ఇంట్లోవాళ్లకి కాదు. 2022లో హైదరాబాద్ అంబర్‌పేటలో పదహారేళ్ల కుర్రాడు ఆట కోసం తల్లి ఖాతాలోంచి విడతలు విడతలుగా దాదాపు 36 లక్షల రూపాయలు ఖర్చుపెట్టాడు. బ్యాంకుకి వెళితే గానీ ఆవిడకి తెలియలేదు. బీజీఎంఐ మొదలైనప్పుడు పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజువారీ ఖర్చు హద్దు 7,000 రూపాయలని ప్రకటించారు. చాలా ఇళ్లలో నెల కిరాణా పద్దు అంత ఉండదు.

బయట కొంత కదలిక ఉంది. చైనా 2017 మే నుంచి ఏది ఎంత శాతం పడుతుందో చెప్పి తీరాలంది. ఉదాహరణకు గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో అయిదు నక్షత్రాల అరుదైన పాత్ర పడే అవకాశం 0.6 శాతం. ఆ ఆటని అమ్మే సంస్థ 2025 జనవరిలో అమెరికా వాణిజ్య కమిషన్‌తో 2 కోట్ల డాలర్లకు రాజీపడింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పదహారేళ్లలోపు పిల్లలకు పెట్టెలు అమ్మకూడదు, అంచెల నాణేల మారకం రేటు బయటపెట్టాలి అన్నవి షరతులు. అదే ఏడాది మార్చిలో యూరప్ ప్రభుత్వాల వినియోగదారుల రక్షణ సంస్థలు ఆట నాణెం పక్కన అసలు డబ్బులో ధర వేయాలన్నాయి. మన దగ్గర 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదమూడు రకాల మాయ ఎత్తుగడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. "ఇంకో పది నిమిషాలే" అంటూ లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. డైమండు పక్కన రూపాయి వేయించడానికి ఇంతకన్నా మంచి మొదలు అక్కర్లేదు.

అరుగు మీద ఆ రోజు నేను ఎనభై ఇవ్వలేదు, తిట్టనూ లేదు. పాత నోటుపుస్తకం తెచ్చి, వాడి ఆటలోని సరుకులన్నిటికీ రూపాయల్లో ధర రాయించాను. చొక్కా 133, టోపీ 120. రాస్తూ రాస్తూ, "టోపీకి నూట ఇరవయ్యా!" అన్నాడు. మానేస్తాడని నేను అనుకోవడం లేదు. మర్నాడు అక్క ఫోను తీసి ప్లే స్టోర్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేట్టు పెట్టాను. మీ ఇంట్లో పిల్లలు మీకు తెలియకుండా కొని ఉంటే, డబ్బు తిరిగి ఇవ్వమని గూగుల్‌ని అడగొచ్చు. మొదటి 48 గంటల్లోనే అడగడం మేలు. అక్కడ పని జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు.